ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్ల దూరంలోనే ఆగుదాం

సంపాదకులకు నమస్కారం.

వేసవి దగ్గరపడేకొద్దీ ఆర్కిటిక్ ఓడ యాత్రల ప్రకటనలు ఎక్కువవుతున్నాయి. 'ధ్రువపు ఎలుగుబంటిని అతి దగ్గరగా చూడండి' అని పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. ఆ మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ మాట అబద్ధమని, దానివల్ల అక్కడి జంతువుకే నష్టమని వెళ్లొచ్చాక అర్థమైంది. ఇంకొందరు మోసపోకముందే చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాడు. గత జూలైలో వాడితో కలిసి నేను, మావారు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్లాం. ఓస్లో నుంచి లాంగ్‌ఇయర్‌బీన్‌కు విమానంలో మూడు గంటలు. రెండున్నర వేల జనాభా ఉన్న చిన్న ఊరు. ఊరి చివర ఎర్ర అంచు ముక్కోణపు బోర్డు మీద ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, కింద 'స్వాల్‌బార్డ్ అంతటికీ వర్తిస్తుంది' అని రాసి ఉంటుంది. ఆ బోర్డు దాటి వెళ్లాలంటే ఎలుగుబంటిని బెదిరించి తరిమే సాధనం ఉండాలి, తుపాకీ కూడా ఉంటే మంచిదంటారు.

మా ఓడ నాలుగో రోజు హిన్లోపెన్ జలసంధి దాటి మంచు పలకల మధ్యకు వెళ్లింది. రాత్రి పదకొండు అవుతోంది, ఎండ మాత్రం మన సాయంత్రం నాలుగింటికి ఉన్నట్టు ఉంది. ముందు గైడ్ చూసింది. మాకు చాలాసేపు ఏమీ కనిపించలేదు. తరువాత తెల్లటి మంచులో వెన్నరంగు మచ్చ ఒకటి కదిలింది. కెప్టెన్ ఓడ ఆపేశాడు. బైనాక్యులర్‌లో చూస్తే ఒంటరి ఎలుగుబంటి, మూతి పైకెత్తి గాలి వాసన చూస్తోంది. కాసేపటికి ముందుకాళ్ల మీద తల పెట్టి పడుకుంది. ముప్పై ఏళ్లు బోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెప్పిన జంతువు కళ్లెదుట ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే డెక్ మీద గొడవ మొదలైంది. మా ఏజెంటు దగ్గరే టికెట్లు కొన్న కొందరు, "ఇంత డబ్బు పోసి వచ్చింది ఈ చుక్కను చూడటానికా? ఇంకా దగ్గరికి పోనివ్వండి" అని గైడ్ మీదకు వెళ్లారు. ముప్పై మీటర్ల దూరం నుంచి ఫొటో తీసుకోవచ్చని ఆ ఏజెంటు మా అందరికీ చెప్పాడు మరి. 2025 జనవరి 1 నుంచి స్వాల్‌బార్డ్‌లో ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలని చట్టం వచ్చింది. మార్చి 1 నుంచి జూన్ 30 దాకా అయితే 500 మీటర్లు. అదే మన వైపు నడిచొచ్చినా మనమే వెనక్కి తగ్గాలి. ఈ సంగతి ఏజెంటు ఒక్క ముక్క చెప్పలేదు. స్వాల్‌బార్డ్ షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) పరిధిలో లేదు కాబట్టి రెండుసార్లు ప్రవేశం ఉన్న వీసా కావాలన్న సంగతి కూడా చెప్పలేదు. మా అబ్బాయి చూసుకోబట్టి బయటపడ్డాం, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఓస్లోలో ఎంత టెన్షన్ అయ్యేదో!

ఆ దూరం ఎందుకో చెబుతాను. ఈ జంతువుకు ప్రధాన ఆహారం సీల్ అనే సముద్ర క్షీరదం. దాన్ని ఎక్కువగా పట్టేది మంచు మీదే. సీల్ ఊపిరి తీసుకోవడానికి పైకొచ్చే మంచు రంధ్రం దగ్గర ఎలుగుబంటి గంటల తరబడి కదలకుండా కాచుకొని కూర్చుంటుంది. వసంతంలో సీల్ పిల్లలు పుట్టే కాలంలో తిన్న కొవ్వే వేసవంతా ఆధారం. మంచుగుహలో ఈనిన తల్లి కూనలతో బయటికొచ్చేదీ ఆ రోజుల్లోనే. ఇంజిన్ చప్పుడుకు వేట చెడినా, తల్లి బెదిరి పరిగెత్తినా, దాచుకున్న కొవ్వు వృథాగా ఖర్చవుతుంది. మనం ఫొటో తీసుకొని వెళ్లిపోతాం. మన వెనక ఇంకో ఓడ వస్తుంది.

దగ్గరికి వెళ్తే మనుషులకూ ప్రమాదమే. 2018 జూలైలో ఉత్తరాన షూయానె దీవుల్లో యాత్రికులను దింపబోయే ముందు చోటు చూడటానికి వెళ్లిన ఓడ కాపలా మనిషి మీద ఎలుగుబంటి దాడి చేసింది. అతను గాయాలతో బతికాడు, ఎలుగుబంటిని కాల్చి చంపారు. తన ఇంట్లో తానున్న జంతువు మనం దిగడం వల్ల చచ్చిపోయింది.

కొత్త చట్టం ప్రకారం రక్షిత ప్రాంతాలకు వెళ్లే ఓడలో 200 మంది యాత్రికులకు మించి ఉండకూడదు. అక్కడ ఒడ్డుకు దిగడానికీ 43 చోట్లలోనే అనుమతి. ఓడల వాళ్లు కొందరు దీన్ని వ్యతిరేకించారు. 300 మీటర్ల నుంచి చూస్తే యాత్రికుడికి ఏం మిగులుతుందని అడిగారు. నాకు మిగిలింది ఇప్పుడే రాశాను కదా.

ప్రపంచం మొత్తం మీద ఈ ఎలుగుబంట్లు సుమారు 26,000 ఉంటాయని అంచనా. స్వాల్‌బార్డ్‌లో ఏడాది పొడవునా ఉండేవి 300 దాకా. 1973లో వేట నిషేధించాక ఇక్కడ సంఖ్య కోలుకుంది. కానీ కాళ్ల కింద మంచు తగ్గిపోతోంది. 1980లలో సెప్టెంబరు నాటికి ఆర్కిటిక్‌లో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రపు మంచు ఉండేది. 2012లో అది 34 లక్షలకు పడిపోయింది. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. అది కరిగిన చోట నల్లటి నీళ్లు ఆ వేడిని తాగేస్తాయి, దాంతో ఇంకా మంచు కరుగుతుంది. స్వాల్‌బార్డ్‌లోని ఆస్ట్‌ఫొన్నా హిమానీనదం అంచు నూట యాభై కిలోమీటర్లకు పైగా గోడలా నిలబడి ఉంటుంది. దాని మీద నుంచి కరిగిన నీళ్లు జలపాతాలుగా సముద్రంలో పడుతుంటే ఓడలో అరగంట సేపు ఎవరూ మాట్లాడలేదు. మాది కాకినాడ. సముద్రం కోసేస్తున్న మా పక్క ఉప్పాడ తీరం నాకు గుర్తొచ్చింది. తేలే మంచు కరిగితే సముద్రమట్టం దాదాపు పెరగదు, నేల మీది హిమానీనదం కరిగితే పెరుగుతుంది. ఉప్పాడ కోతకు స్థానిక కారణాలూ ఉన్నాయి, తెలుసు. అయినా ఆ నీళ్లు చేరేది మన ఒడ్డు దాకా వచ్చే సముద్రంలోనే.

మనం అక్కడ ఉత్త చుట్టాలం కూడా కాదు. ఈ దీవులపై నార్వే అధికారాన్ని గుర్తించిన 1920 నాటి స్వాల్‌బార్డ్ ఒప్పందంలో భారత్ పేరు ఉంది. స్వాల్‌బార్డ్‌లోనే ఉన్న నూ-ఆలెసుంద్‌లో 2008 నుంచి మన హిమాద్రి పరిశోధన కేంద్రం నడుస్తోంది. అక్కడి చట్టాన్ని గౌరవించే బాధ్యత మన యాత్రికుల మీదా ఉంది.

వెళ్లొద్దని నేననను. అంత దూరం విమానం ఎక్కి, ఓడలో ఇంధనం కాల్చి వెళ్లినదాన్ని, ఆ బరువు నా మీదా ఉంది. అందుకే అడుగుతున్నాను. ఈ యాత్రలు అమ్మే ఏజెంట్లు 300, 500 మీటర్ల నిబంధనను ప్రకటనలోనే అచ్చువేయాలి. 'అతి దగ్గరగా' అనే ప్రకటనలను పత్రికలు తీసుకోకూడదు, మీ పత్రికతోనే అది మొదలవ్వాలని నా కోరిక. డబ్బు కట్టే ముందు పాఠకులు ఓడలో ఎంతమంది ఉంటారో, ఎలుగుబంటి కనిపిస్తే ఎంత దూరంలో ఆగుతారో అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు,
కాకినాడ