ఓవెన్ కొన్నావు, ఇక తూకం కూడా కొను

చికాగో,
నవంబరు, ఆదివారం

చి. సౌ. చెల్లికి,

అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ హైదరాబాదులో నువ్వూ, మరిది గారూ, పిల్లలూ, అమ్మానాన్నా క్షేమమని తలుస్తాను. ఫోన్లో చెబితే కొలతలు గుర్తుండవు. కాగితం మీదైతే వంటింట్లో అల్మారా తలుపుకి అంటించుకోవచ్చని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నీ కేకు ఫోటో చూశాను. అంచులు మాడాయి, మధ్యలో గుంట పడింది, కోస్తే లోపల పచ్చిగా ఉందన్నావు. దీనికి మూడు కారణాలున్నాయి, మూడూ సరిచేసుకోదగ్గవే. నువ్వు చూసి చేసిన అమెరికా వీడియోలో ఆవిడ చెప్పిన 350 ఫారెన్‌హీటు. ఇక్కడి ఓవెన్లన్నీ ఆ లెక్కే. నీ ఓటీజీ, అదే నువ్వు కొన్న చిన్న కరెంటు ఓవెన్ మీద ఉన్నది సెల్సియస్, అందులో అది 175. నువ్వు డయల్ చివరిదాకా, అంటే 250కి తిప్పావు. అంత వేడికి అంచులు ముందే గట్టిపడ్డాయి, నడుమ పిండికి ఉడికే సమయం దొరకలేదు. రెండోది, ఇరవై నిమిషాలకే తలుపు తీసి చూశావు. అప్పటికి కేకు గాలి బుడగల మీద నిలబడి ఉంటుంది, వాటి చుట్టూ గోడలు ఇంకా గట్టిపడవు. చల్లగాలి తగలగానే బుడగలు ముడుచుకుని కూలిపోతాయి. మొదటి అరగంట తలుపు జోలికి పోవద్దు, అద్దంలోంచి చూడు చాలు.

మూడోది కప్పు. అదే కప్పుతో పిండి జల్లించి వదులుగా పోస్తే 120 గ్రాములు వస్తుంది, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. రెండు కప్పులకి 60 గ్రాముల తేడా. కేకులో అంత తేడా చాలా పెద్దది. పైగా ఇక్కడి కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, మన ఇంటి స్టీలు గ్లాసు ఎంత పడుతుందో ఇంటికో లెక్క. అందుకే ముందు గ్రాము దాకా చూపించే వంటింటి తూకం కొను. బేగంబజారు గిన్నెల కొట్లలో కేకు టిన్నులు చూస్తానన్నావు కదా, వాటితోపాటే తెచ్చుకో. టిన్ను నల్ల పూత ఉన్నది కాకుండా మామూలు తెల్ల అల్యూమినియంది తీసుకో. నల్లటిది వేడిని ఎక్కువగా లాగి అడుగు మాడుస్తుంది.

ఇక్కడి వంటకాలు చూసి చేసేటప్పుడు ఇంకొన్ని తేడాలు గుర్తుపెట్టుకో. 'ఒక స్టిక్ వెన్న' అంటే 113 గ్రాములు. అమూల్ చిన్న ప్యాకెట్ 100 గ్రాములు, అందులో ఉప్పుంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయకు. ఇక్కడ పెద్ద గుడ్డు పెంకు తీస్తే 50 గ్రాములు. మన గుడ్లు కొంచెం చిన్నవి, రెండు గుడ్లన్నచోట కొట్టి తూచుకుని, తగ్గితే ఆ మేరకు పాలు కలుపు. బేకింగ్ సోడా, బేకింగ్ పౌడరు మాత్రం తూకం మీద వేయకు. రెండు మూడు గ్రాముల దగ్గర వంటింటి తూకాలు తప్పు చూపిస్తాయి. వాటికి 5 మిల్లీలీటర్ల కొలత చెంచానే నయం, పైన గీసి సమం చేసి వెయ్యి.

ఇప్పుడు పిల్లల డబ్బాకి అరటిపండు కేకు. దీనికి గుడ్డు అక్కర్లేదు, మైదా అక్కర్లేదు. తొక్క మీద నల్లమచ్చలు పడ్డ పండ్లు గుజ్జు 250 గ్రాములు, గోధుమపిండి 200, బెల్లం పొడి 120, పెరుగు 100, నూనె 80 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు ఒక చెంచా, సోడా అరచెంచా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. ఓవెన్ 170లో పెట్టి పావుగంట ముందే వేడి చెయ్యి. గుజ్జు, బెల్లం, పెరుగు, నూనె ఒక గిన్నెలో బాగా గిలక్కొట్టు. పిండి, సోడా, పౌడరు ఇంకో గిన్నెలో కలిపి రెండుసార్లు జల్లించు. రెండూ కలిపాక గరిటెతో పది పన్నెండు తిప్పులు, అంతే. పొడి పిండి కనపడకుండా పోయిన క్షణం ఆపెయ్యి. చపాతీ పిండి పిసికినకొద్దీ సాగేది గోధుమలోని గ్లూటెన్ అనే జిగురు వల్ల, కేకు రబ్బరులా అయ్యేదీ దానివల్లే. మన చక్కీ పిండి నీళ్ళు బాగా పీలుస్తుంది, అందుకే మైదా కేకు కంటే ఇది కాస్త జారుగా, ఇడ్లీ పిండి కంటే కొంచెం పల్చగా ఉండాలి. గట్టిగా అనిపిస్తే రెండు చెంచాల పాలు పోసుకో.

ఎనిమిది అంగుళాల పొడుగు టిన్నులో మూడింట రెండు వంతులకి మించి నింపకు. నడిమి అరలో, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగించి, 40 నుంచి 45 నిమిషాలు. టూత్‌పిక్ మధ్యలో గుచ్చి తీస్తే తడిపిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి రవ్వలు అంటితే పర్వాలేదు. బయటికి తీసి పది నిమిషాలు టిన్నులోనే ఉంచి, తర్వాత జల్లెడ మీద బోర్లించు. టిన్నులోనే చల్లారనిస్తే ఆవిరి పట్టి అడుగు తడిసిపోతుంది. కోస్తే సబ్బు వాసన వచ్చిందంటే సోడా ఎక్కువైంది. పైన పగిలి, లోపల ముద్దగా ఉంటే వేడి ఎక్కువైంది. ఓటీజీ డయల్ చెప్పే వేడికీ, లోపలి అసలు వేడికీ ఇరవై డిగ్రీల దాకా తేడా ఉండొచ్చు. లోపల తగిలించే చిన్న థర్మామీటరు కొంటే నీ ఓవెన్ సంగతి నీకు తెలిసిపోతుంది.

పెద్దోడు ఉస్మానియా బిస్కెట్లు ఇంట్లో చెయ్యమంటున్నాడని రాశావు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెటని మన ఊళ్ళో అందరూ చెప్పుకునేదే. దాని ప్రత్యేకత ఆ ఉప్పూ తీపీ కలిసిన రుచి, నోట్లో పెడితే కరిగే గుణం. కరగడానికి కారణం కస్టర్డ్ పౌడరు. అది నిజానికి రంగూ వెనిలా వాసనా కలిపిన మొక్కజొన్న గంజిపొడి, సాగే గుణం లేనిది. మైదా 120 గ్రాములు, కస్టర్డ్ పౌడరు 30, పాలపొడి 15, పొడి చేసిన చక్కెర 60, వెన్న 90, బేకింగ్ పౌడరు అరచెంచా, యాలకులు పావుచెంచా, గోరువెచ్చని పాలు ఒక పెద్ద చెంచాలో నానబెట్టిన నాలుగు కుంకుమపువ్వు రేకలు. ఉప్పు లేని వెన్నయితే అరచెంచా ఉప్పు. అమూల్ వెన్నయితే మాత్రం ఇక్కడ ఇంకో పావుచెంచా వెయ్యి. ఇందాక చెప్పినదానికి ఇదొక్కటే మినహాయింపు, ఈ బిస్కెట్‌కి ఉప్పు నాలుకకి తగలాలి.

వెన్న వేలితో నొక్కితే దిగాలి, కరిగి నూనెలా ఉండకూడదు. కరిగిన వెన్నతో చేస్తే బిస్కెట్లు ట్రే మీద పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. వెన్న, చక్కెర తెల్లబడేదాకా గిలక్కొట్టి, పొడులన్నీ జల్లించి వేసి, కుంకుమపువ్వు పాలు పోసి, వేళ్ళతో దగ్గరికి తీసుకో. పిసకొద్దు. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, అంగుళంలో మూడో వంతు మందంగా ఒత్తి, గుండ్రటి మూతతో కోసి, పైన పాలు రాసి, 170లో 16 నుంచి 18 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, ఉడకలేదేమోనని మళ్ళీ లోపల పెట్టకు. చల్లారితే గుల్లగా అవుతాయి. అంచు లేత బంగారు రంగు తిరగడమే గుర్తు. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో అరగంట ఉంచు.

ఇక అసలు సంగతి, రోజూ వంట. దీనికి తూకంతో పని లేదు, గ్లాసు లెక్క చాలు. నువ్వు ఆఫీసు నుంచి ఏడున్నరకి వస్తావు, ఆకలి మీద పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. కాబట్టి నువ్వు పొయ్యి దగ్గర నిలబడక్కర్లేని వంటలు ఎంచుకో. అవి ఉడుకుతుంటే నువ్వు కాళ్ళు కడుక్కుని కాసేపు కూర్చోవచ్చు.

కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోందన్నావు. మీ అపార్ట్‌మెంట్‌లో వంటింటి కుళాయికి వచ్చేది బోరు నీళ్ళు. అందులో సున్నం ఎక్కువ, అది పప్పుని మెత్తబడనివ్వదు. పప్పు ఉడకబెట్టడానికి మంజీరా నీళ్ళో (మున్సిపాలిటీ కుళాయివి), ఫిల్టరు నీళ్ళో వాడు. గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల నీళ్ళు, పసుపు, పొంగకుండా నాలుగు చుక్కల నూనె. పొద్దున వెళ్ళేటప్పుడు నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. మూడు విజిల్స్ వచ్చాక మంట సన్నం చేసి ఐదు నిమిషాలు ఉంచి కట్టెయ్యి. చింతపండూ, టమాటా పప్పు మెదిపాకే. పులుపు ముందే పడితే పప్పు బిగుసుకుపోతుంది. పాత బియ్యమైతే గ్లాసుకి రెండున్నర నీళ్ళు, కొత్త బియ్యమైతే రెండు చాలు. అమ్మానాన్నకి రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం కొను. సన్నంగా ఉంటుంది, రక్తంలో చక్కెరని మిగతా సన్నబియ్యమంత వేగంగా పెంచదు. అలాగని నాన్నకి రెండోసారి వడ్డించకు.

వారానికి ఒకరోజైనా ఖిచ్డీ, ఖట్టా పెట్టుకో. పొద్దున టిఫినుగా మన ఊరు తినేదే, రాత్రికీ బాగుంటుంది. రెండు గ్లాసుల బియ్యం, అరగ్లాసు మసూర్ పప్పు కలిపి కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టు. కుక్కర్లో నూనె, షాజీరా, లవంగాలు, ఒక ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి వేగాక నీళ్ళు వంపిన బియ్యం పప్పు వేసి, పసుపు, ఉప్పు, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, రెండు విజిల్స్. మూత దానంతటదే ఊడేదాకా ఆగు, బలవంతంగా ఆవిరి వదిలితే పప్పు చితికి ముద్దవుతుంది. ఆలోగా ఖట్టా అయిపోతుంది. నిమ్మకాయంత చింతపండు రసం, మూడు గ్లాసుల నీళ్ళు, వేయించి పొడి చేసిన నువ్వులు మూడు పెద్ద చెంచాలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, మంట మీద కాల్చి నలిపిన రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు, కొత్తిమీర, పైన ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు పోపు. నువ్వులు తగ్గించి, చిటికెడు బెల్లం వేస్తే అదే మన పచ్చిపులుసు, ముద్దపప్పులోకి. ఖట్టా మరిగించకూడదు, నువ్వులు విరిగినట్టు తేలిపోతాయి.

ఓవెన్‌ని కేకులకే దాచకు, వేపుళ్ళు దానికి అప్పగించు. అరకిలో దొండకాయలు నిలువునా నాలుగు ముక్కలుగా కోసి, రెండు పెద్ద చెంచాల నూనె, పసుపు, ఉప్పు కలిపి, ట్రేలో ఒక్క పొరగా పరిచి 200లో 35 నిమిషాలు. ఇరవయ్యో నిమిషంలో ఒకసారి కలుపు. ముక్క మీద ముక్క పడితే వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. మీ ట్రే చిన్నదైతే రెండు వాయిలు చెయ్యి. వెల్లుల్లి కారం చివరి మూడు నిమిషాల్లోనే, ముందే వేస్తే మాడి చేదొస్తుంది. బెండకాయకి మాత్రం ఉప్పు కూడా చివర్లోనే, ముందు వేస్తే నీరూరి జిగురొస్తుంది.

దోసె పిండి పులవడం లేదన్నావు. ఈ చలికి అంతే. మే నెలలో ఐదారు గంటల్లో పొంగేది, డిసెంబరులో పద్నాలుగు గంటలైనా పడుతుంది. మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు. పిండి గిన్నెలో సగానికే ఉండాలి. ఓవెన్‌ని అన్నిటికంటే తక్కువ వేడిలో రెండే నిమిషాలు వెలిగించి, ఆపేసి, గిన్నె లోపల పెట్టి తలుపు వెయ్యి. ఓవెన్ మీద ఒక కాగితం అంటించు, తెలియక ఎవరూ వెలిగించకుండా.

మిగిలిన అన్నం రాత్రి గిన్నెలో అలాగే వదలకు. గంటలకొద్దీ బయట ఉన్న అన్నంలో పుట్టే ఒక రకం విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వెడల్పు పళ్ళెంలో పరిచి చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున పులిహోరకి పలుకు విడివిడిగా, తాజా అన్నం కంటే అదే బాగుంటుంది.

సర్వపిండి, అదే గిన్నె అడుగున ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె, చేసినప్పుడు రెండోది అడుగుకి అంటడం లేదన్నావు. గిన్నె వేడిగా ఉంటే పిండి జారిపోతుంది, వేళ్ళూ కాలతాయి. మొదటిది తీశాక గిన్నె బోర్లించి, వెనకవైపు నీళ్ళు పోసి పూర్తిగా చల్లార్చి, తుడిచి, అప్పుడు నూనె రాసి ఒత్తు. అసలు మందపాటి గిన్నెలు రెండు పెట్టుకుంటే ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకోటి చల్లారుతుంది. పిండి వేడినీళ్ళతో కలిపితే మధ్యాహ్నం డబ్బాలో కూడా విరగకుండా మెత్తగా ఉంటుంది.

ఉత్తరం అందాక వచ్చే ఆదివారమే అరటిపండు కేకు చేసి ఫోటో పంపు. పైభాగం కాదు, నిలువునా కోసిన ముక్కది. పక్కన ఒక కాగితం మీద ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, ఏ అరలో పెట్టావో రాసి పెట్టు. అవి చూసి వచ్చే ఉత్తరంలో ఏం మార్చాలో రాస్తాను. అమ్మకి చక్కెర లేని బిస్కెట్ల లెక్క కూడా అందులోనే.

పిల్లలకి ముద్దులు.

నీ అక్క