క్వెవ్రీలు చూసొచ్చావుగా, ఇక నీ గదిలో టీ పెట్టు

అమ్మలూ,

జార్జియాలోని కాకేతీ నుంచి నువ్వు పంపిన ఫొటోలు రాత్రి మీ అమ్మా నేనూ రెండుసార్లు చూశాం. మూతి దాకా నేలలో పాతిన ఆ క్వెవ్రీలు, అదే వైన్ పులియబెట్టే మట్టి బానలు, చూడగానే మా తాతయ్య జొన్నల పాతర గుర్తొచ్చింది నాకు. పాతర తెరిచిన రోజు మమ్మల్నెవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు, లోపలి చెడుగాలి పోయి దీపం ఆరకుండా ఉందని చూసుకున్నాకే మనిషిని దింపేవాడు. వైన్ పులిసే చోటా అదే భయం ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలిచిపోతుంది. ఈసారి వెళ్తే బాన మీదికి వంగి చూడకు.

అక్కడ వైన్ చేయడం ఎనిమిది వేల ఏళ్ళ నాటి పని అని రాశావు, నేనూ కూర్చుని చదివాను. రాజధాని టిబిలిసీకి దక్షిణాన గదచ్రిలి గోరా, షులవేరి గోరా దిబ్బల్లో దొరికిన కుండ పెంకుల మీద ద్రాక్ష వైన్ ఆనవాళ్ళున్నాయని 2017లో తేల్చారు, అవి దాదాపు క్రీ.పూ. 6000 నాటివి. క్వెవ్రీ లోపల తేనెమైనం పూసి, ద్రాక్షరసంతో పాటు తొక్కలు, గింజలు, ఒక్కోచోట కాడలు కూడా వేసి, మూత బిగించి నెలల తరబడి వదిలేస్తారట, చల్లదనం సంగతి నేల చూసుకుంటుంది. ఈ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది సరే, నాకు అంతకన్నా పెద్దగా అనిపించింది వాళ్ళ పట్టుదల. 1985లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మద్యం వద్దన్నప్పుడు ద్రాక్షతోటలకు తోటలే పీకేశారు, 2006లో రష్యా జార్జియా వైన్ కొనడం మానేసి ఏడేళ్ళు అలాగే ఉంచింది, అయినా ఇళ్ళల్లో బాన నింపడం మానలేదు.

అక్కడి విందులో తమాదా అని ఒక పెద్ద ఉంటాడని, వరసగా ఒక్కొక్కరి గురించీ మంచిమాట చెప్పి గ్లాసు ఎత్తిస్తాడని నువ్వే చెప్పావు. అదే ఫోన్‌లో, ఆదివారమంతా గదిలో ఒక్కదాన్నే పడుకున్నానని కూడా అన్నావు. ఆ మాట గుచ్చుకుంది నాన్నా, అందుకే ఈ ఉత్తరం.

బ్రాడీపేటలో మన వరండా మీద ఆదివారం సాయంత్రం టీకి వచ్చేవాళ్ళలో సగం మంది నాకు మొదట్లో తెలియని వాళ్ళే. యార్డులో గుమాస్తాగా ఉన్నప్పుడు పదిమందిలో ఉండేవాణ్ణి, రిటైరయ్యాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఒకరోజు ఎదురింటాయన్ని పిలిచి టీ ఇచ్చాను, అంతే, అలా మొదలైంది. నువ్వూ ముగ్గుర్ని పిలువు, చాలు. గ్లాసులు సరిపోకపోతే స్టీలువి వాడు. చక్కెర విడిగా పెట్టు. మాట్లాడకుండా మూల కూర్చున్న పిల్లను వాళ్ళ ఊళ్ళో టీ ఎలా పెడతారో అడుగు, ఎవరైనా ఆ ఒక్కదానికి జవాబు చెప్తారు.

అల్లం మాత్రం ముందు నీళ్ళలోనే బాగా మరిగించు. ఓసారి పదకొండు మంది కూర్చుని ఉండగా నేను తొందరపడి పాలల్లో పచ్చి అల్లం దంచి వేశాను, గిన్నెడు పాలూ విరిగిపోయాయి, మీ అమ్మ పక్కింటికి పరుగెత్తాల్సి వచ్చింది. నీళ్ళు రంగు తిరిగి ఘాటు వచ్చాక టీపొడి, అది మరిగాక పాలు, రెండు పొంగులు రానిచ్చి దించెయ్.

టీపొడికి ఇండియన్ షాపు దాకా వెళ్ళనక్కర్లేదు. బటూమీ దగ్గర చాక్వీలో 1893 నుంచి చైనా నిపుణుడు లియు జున్‌జౌ తోటలు వేయించాడు, సోవియట్ కాలంలో రష్యా వాళ్ళు తాగిన టీలో చాలా భాగం జార్జియాదే. ఆ దేశపు ఆకుతో మన అల్లం టీ ఎలా వస్తుందో నాకూ తెలుసుకోవాలని ఉంది, రాయి.

సెలవులు అయిపోయి మీ సీనియర్ పదో తారీఖున బయల్దేరుతోంది. ఆమె చేత చేగోడీలు రెండు కిలోలు పంపిస్తున్నా. ఆ ఆదివారమే విప్పు, ఆమెను కూడా పిలువు.

నాన్న