నాన్నా, ఆ సెంటు కల్తీది కాదు

దుబాయ్

నాన్నా,

ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. షాపులో పని మామూలే. ఈ నెల ఓవర్‌టైమ్ తగ్గింది, దానికి టెన్షన్ పడొద్దు, డబ్బు ఎప్పటిలాగే పంపాను.

నేను పంపిన సెంటు చొక్కా మీద కొట్టుకుని, "పళ్ల వాసన పది నిమిషాల్లో పోయింది, పిల్లని ఎవడో మోసం చేశాడు" అన్నావట. చెల్లి చెప్పింది. ఛత్రపూర్ అత్తరు బట్టీలో జీవితమంతా గడిపినవాడివి, వాసన గురించి నీకు చెప్పేంతదాన్ని కాను. కానీ ఈ ఒక్కటీ విను. కొట్టగానే తగిలేది బెర్గామోట్, అది నిమ్మజాతి. వెనకాలే పియర్, పచ్చి యాపిల్. అవన్నీ తేలిక వాసనలు, ఒంటి వేడికి పావుగంట, ఇరవై నిమిషాలు నిలిస్తే గొప్ప. అవి పోయాకే పూలు బయటికొస్తాయి. ఇందులో మల్లె ఉంది, అమ్మకి నచ్చుతుందనే ఇది తీశాను. పొద్దుపోయేసరికి మిగిలేది కస్తూరిలాంటి మస్కు, దేవదారు. నువ్వు మొదటిది పోగానే తీర్పు చెప్పేశావు! ఈసారి చొక్కా మీద కాదు, మణికట్టు మీద కొట్టు. రుద్దకు. సాయంత్రం దాకా మధ్యమధ్యలో చూస్తూ ఉండు.

మీ మొగలి అత్తరుతో దీన్ని పోల్చకు. పూలు కాచే రాగి డేగులోంచి వెదురు గొట్టం గుండా వచ్చే ఆవిరి, దాన్ని పట్టే భపకా కుండలో గంధం నూనెలోకి దిగుతుంది, అందుకే అది మనిషిని పట్టుకుని వదలదు. దీంట్లో ఎక్కువ భాగం ఆల్కహాలే, ఎగిరిపోవడమే దాని పని.

అమ్మ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని చెప్పు. మేడ మీద అప్పడాలు చెల్లి ఆరబెడుతుందిలే.

ఇంకోటి. పియర్ నుంచి, పీచ్ నుంచి అత్తరులా నూనె తీయడం కుదరదు. బెర్గామోట్ తొక్క పిండి తీస్తారు గానీ, ఆ పళ్ల వాసన ల్యాబులో చేసిందే. "అయితే నకిలీయే కదా" అంటావు, నాకు తెలుసు. 1919లో గెర్లాన్ అనే ఫ్రెంచ్ కంపెనీ వాళ్లు మిత్సుకో సెంటులో పీచ్ వాసన తెచ్చింది కూడా అలాగే, దాన్ని ఇప్పటికీ అమ్ముతున్నారు. గంధం ఖరీదని పారఫిన్ నూనెలో మొగలి దింపి అసలు అత్తరని అమ్మేవాళ్లని నువ్వు తిట్టేవాడివి చూడు, మోసమంటే అది. ఈ సీసా మీద గంధమని ఎవరూ రాయలేదు.

మోసం అన్నది సెంటు గురించే అనుకుంటాను. నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటు గురించి అయితే, ఆ అప్పు తీరిపోయింది నాన్నా, మళ్లీ ఆ మాట ఎత్తకు. గదిలో నలుగురు ఆడపిల్లలం, తలుపుకి మంచి తాళం ఉంది, రాత్రి షిఫ్టుకి కంపెనీ బస్సే.

ఒకే సెంటు ఒక్కొక్కరి మీద ఒక్కోలా ఉంటుంది. నా చేతి మీద పియర్ కాసేపు ఆగుతుంది, మా ఫిలిప్పీన్స్ అమ్మాయి మీద వెంటనే మల్లె వచ్చేస్తుంది. నీ చర్మం పొడి, కాస్త కొబ్బరినూనె రాసి కొట్టుకో, నిలుస్తుంది. చెల్లిని మాత్రం గోపాలపూర్ బీచ్‌కి వెళ్తూ మెడంతా కొట్టుకోవద్దను. బెర్గామోట్ నూనె ఉన్నచోట ఎండ తగిలితే మచ్చలు పడొచ్చు. సీసా కిటికీలో పెట్టకండి, బీరువాలో ఉంచండి.

మొన్న ఇక్కడి దేరా బజారులో సరుకులకి వెళ్తే బిర్యానీలో వేసే కేవడా నీళ్ల సీసా, అదే మన మొగలి నీళ్లది, కనిపించింది. గదికొచ్చి మూత తీశాను. నీ చొక్కా వాసన కాదు అది, దగ్గర్లో కూడా లేదు. అయినా పారేయలేదు. మా వాళ్లు నేను బిర్యానీ ఎప్పుడు చేస్తానా అని చూస్తున్నారు.

ఠాకురాణి అమ్మవారి యాత్రకి సెలవు అడుగుతాను, ఇస్తారో లేదో అప్పుడే అమ్మతో అనకు. మావయ్య కొడుకు ఇటు వచ్చేటప్పుడు ఒక అత్తరు సీసా పంపు, చిన్నదైనా సరే, గంధంలో దింపింది. పారఫిన్‌ది అంటగడితే ఇప్పుడు నాకు తెలిసిపోతుంది.

మీ పెద్దది