చూడకుండానే చూసినట్టు లెక్క

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి ఇది. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఊరుకున్నాను. మనవరాలికి నిన్నటితో 42 రోజులు నిండాయి, కాస్త తీరిక దొరికింది, రాస్తున్నాను. బాలింతల ఇళ్ల సందర్శనలో లక్ష్యం సాధించామని సమీక్షా సమావేశంలో అధికారులు చెప్పారట. మీరు ఫొటోతో సహా వేశారు. ఫొటోలో పొడవాటి బల్ల, నీళ్ల సీసాలు, పూలగుత్తులు ఉన్నాయి. బాలింత గానీ బిడ్డ గానీ లేరు. వాళ్లకు అక్కడ ఏం పని లెండి!

ఆ లక్ష్యంలో మా ఇల్లు కూడా ఉంది. ఎలా ఉందో చెప్తాను.

మా అమ్మాయి కాన్పుకు మా దగ్గరికి వచ్చింది. తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు మాత్రం అత్తగారి ఊళ్లో రాయించినది. కాన్పు ఆస్పత్రిలోనే అయింది. పాప 2 కిలోల 300 గ్రాములు. మూడో రోజు పొద్దున ఇంటికి పంపేశారు. సాయంత్రం అత్తగారి ఊరి ఆశా వర్కర్ ఫోన్ చేసి "పాప పాలు తాగుతోందా అమ్మా" అంది. తాగుతోందన్నాం. మూడో రోజు సందర్శన అంతటితో పూర్తి! ఆశాలు వివరాలు ఎక్కించే యాప్‌లో "చూశాం" అని పడిందని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయిని తప్పు పట్టను. రెండు మండలాల అవతల కూర్చుని బిడ్డను ఎవరు మాత్రం చూడగలరు? పేరు తన జాబితాలో ఉంది, గడి ఖాళీగా ఉంటే పైనుంచి అక్షింతలు.

మా వీధి ఆశా జాబితాలో మా పాప లేదు. అయినా ఎవరో చెప్తే ఏడో రోజు తనే వచ్చింది. సబ్బుతో చేతులు కడుక్కుని, పాప పొట్టనూ పాదాలనూ తాకి చూసింది. పొట్ట వెచ్చగానే ఉంది, పాదాలు చల్లబడ్డాయి. గుడ్డ తప్పించి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. మధ్యలో నేనేదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. 48. అదే 60కి చేరితే ఇంక ఆలోచించకుండా ఆస్పత్రికే అంది. తర్వాత పాపను సంచిలో పడుకోబెట్టి త్రాసుకు తగిలించింది. ముల్లు కదల్లేదు. స్ప్రింగు బిగుసుకుపోయి ఏడాది అయిందట. పక్క వీధి ఆశా దగ్గర త్రాసు అరువు తెచ్చి తూచింది. 2 కిలోల 50 గ్రాములు.

31 ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పుట్టినప్పటి బరువులో పదోవంతు పైనే పోయిందని ఆ అమ్మాయి అనేదాకా నాకు తట్టలేదు. మొదటి వారం కాస్త తగ్గడం మామూలే గానీ ఇంత తగ్గకూడదట. పాప చనుమొన ఒక్కటే పట్టుకుంటోందని గమనించి, ఎలా పట్టించాలో చూపించింది. బిడ్డను తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద వేయించింది. పోతూ పోతూ మా అమ్మాయిని "రాత్రిళ్లు ఏడుపొస్తోందా అక్కా" అని అడిగింది. కన్నతల్లిని, నేను అడగని మాట అది. ఆ రోజే డాక్టరుకు చూపించాం. పద్నాలుగో రోజుకు పాప మళ్లీ పుట్టినప్పటి బరువుకు వచ్చింది.

ఆశాలు ఇళ్లకొచ్చి పసిబిడ్డలను చూసే ఈ పథకం 2011 నుంచి ఉంది. ఆస్పత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా రావాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. ఇందుకు కేంద్రం పెట్టిన ప్రోత్సాహకం 250 రూపాయలు, అంటే వచ్చిన ఒక్కోసారికి నలభై చిల్లర (రాష్ట్రాలు కలిపేది వేరే లెక్క). దానికీ షరతులు: బరువు కార్డులో ఎక్కాలి, జననం నమోదు కావాలి, టీకాలు పడాలి, 42వ రోజుకు తల్లీబిడ్డా క్షేమంగా ఉండాలి. బిడ్డ దక్కని ఇంటికి ఎన్నిసార్లు తిరిగినా ఆ తిరుగుడు లెక్కలోకి రాదన్నమాట. కొన్నాళ్లు పుట్టింట్లో, కొన్నాళ్లు అత్తింట్లో ఉంటే ఆ డబ్బు ఇద్దరు ఆశాలకూ పంచాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మన ఆడపిల్లలు కాన్పుకు పుట్టింటికొస్తారని ఢిల్లీలో వాళ్లకు కూడా తెలుసు. ఇక్కడి యాప్‌కే తెలియదు.

ఈ గడపగడపా తిరగడం ఎవరో పొద్దుపోక కనిపెట్టింది కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకే నేర్పి 39 ఊళ్లలో చేయించారు. పక్కన పోల్చి చూసిన ఊళ్లతో లెక్కేస్తే నెలలోపు పసిబిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ల త్రాసుల్లో ముల్లు కదిలేది కాబోలు.

త్రాసు అడిగితే ఇండెంట్ పెట్టాం, అంటే కావాలని పైకి రాశాం అంటారట. జ్వరాల సర్వేకీ, పోలియో చుక్కలకీ, ఎవరో పెద్దమనిషి వస్తే జనాన్ని పోగెయ్యడానికీ మాత్రం ఆశాలు వెంటనే కావాలి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లకు అవార్డు ఇస్తే ఎంత పొంగిపోయాం! స్ప్రింగు మాత్రం మారలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇన్‌స్పెక్టరు బడికి వస్తే హాజరుపట్టీ చూసి ఊరుకునేవాడు కాదు, వెనక బెంచీ పిల్లాణ్ని లేపి ఎక్కం చెప్పించేవాడు. ఇప్పుడు అన్ని శాఖల్లోనూ పట్టీ ఒక్కటే చూస్తున్నారు. మీ విలేకరి కూడా సమావేశంలో ఇచ్చిన కాగితం తెచ్చి అచ్చేసే ముందు ఒక్క బాలింత ఇంటికి వెళ్లి కార్డు అడగాల్సింది. మా ఇల్లు బస్టాండుకు దగ్గరే.

మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఇంకో ఐదు సందర్శనలు ఉన్నాయి. పాప పేరు మా వీధి ఆశా జాబితాలోకి మార్చమని రెండో వారంలోనే అర్జీ పెట్టాం. మూడో నెలలో పాపను అత్తగారింటికి పంపుతున్నాం. సరిగ్గా ఆ రోజుకు అర్జీ మంజూరవుతుంది, చూస్తూండండి.

ఇట్లు,
ఒక రిటైర్డు లెక్కల టీచరు