కావలి పెళ్లిలో రివర్స్ పడని హెరాల్డ్ గురించి

కావలిలో కల్యాణ మండపం ముందు పాత హెరాల్డ్ కారును నలుగురు కుర్రాళ్లు వెనక్కి నెట్టుకుపోతున్న వీడియో మీలో చాలామంది ఫోన్లకు వచ్చే ఉంటుంది. అది మా షెడ్డులో క్లచ్ పని చేసి పంపిన బండే. ‘నెల్లూరు మెకానిక్కు వయసైపోయింది’ అని ఎవరో కింద రాశారు కూడా. నా వయసు సంగతి తర్వాత, రివర్స్ ఎందుకు పడలేదో ముందు చెప్తా.

స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైన బండి. ఆ కంపెనీ మూతపడి ముప్పై ఏళ్లు దాటింది, సామాను ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకోవాల్సిందే. దీనికి క్లచ్ కేబుల్ ఉండదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను తోస్తుంది, ఆ ఆయిల్ గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ అనే చిన్న సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది, అది ఫోర్క్ అనే మీటను నెడుతుంది, అప్పుడే క్లచ్ ప్లేటు ఇంజన్‌ను వదిలి గేరు పడుతుంది. స్లేవ్ కారుతోందని చెన్నై నుంచి కొత్తది తెప్పించా. పదిహేనేళ్లుగా నాకు సామాను పంపే మనిషే. “అదే పీసన్నా, కళ్లు మూసుకుని బిగించు” అన్నాడు. నిజంగానే మూసుకున్నా.

బిగించాక రివర్స్ వేస్తే కిర్రుమంది. లైన్లో గాలి ఉందనుకున్నా. ఐదుసార్లు ఎయిర్ తీశాం. గాలి వదిలే నిపుల్‌కు తగిలించిన పైపు చివర సీసాలో ఒక్క బుడగ లేదు. మా దగ్గర పని నేర్చుకునే పిల్లోడు “పెడల్ గట్టిగానే ఉంది గదన్నా, గాలుంటే మెత్తగా దిగాల గదా” అన్నాడు. నాకు నేర్పొచ్చావా అని కసిరా. వాడన్నదే కరెక్టు.

తెల్లారితే పెళ్లి. ముందు గేర్లు ఎట్టనో పడుతున్నాయి. ఆపితే మాట పోతుంది, పంపితే ఏమవుతుందో తెలీదు. రాత్రి రెండింటి దాకా షెడ్డులో బండి చుట్టూ తిరిగా. చివరికి పంపేశా. తప్పు అక్కడ నాది, సామాను పంపిన వాడిది కాదు.

బండి వెనక్కొచ్చాక రెండు స్లేవ్‌లూ విప్పి వెర్నియర్ పెట్టి కొలిచా. పాతదాని లోపలి బోరు, అంటే పిస్టన్ నడిచే రంధ్రం వెడల్పు, ఏడు బై ఎనిమిది అంగుళం, అంటే 22 మిల్లీమీటర్లు. కొత్తది నిండు అంగుళం, 25 దాటింది. బయటికి రెండూ కవల పిల్లలే, బోల్టు రంధ్రాలతో సహా. సామాను పంపినవాడికి ఫోన్ చేస్తే “మూడు మిల్లీమీటర్లకేందన్నా” అన్నాడు. ఏందో విను. మాస్టర్ బోరు ఐదు బై ఎనిమిది అంగుళం. దాంట్లో పిస్టన్ 25 మిల్లీమీటర్లు నడిస్తే పాత స్లేవ్ 13కు కాస్త తక్కువ నడుస్తుంది, నీ స్లేవ్ 10 కూడా నడవదు. వెడల్పు పెరిగితే బలం పెరుగుతుంది, నడక తగ్గుతుంది. ప్లేటు పూర్తిగా వదలదు, అందుకే రివర్స్ పడలేదు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

“స్లేవ్ పిస్టన్‌కూ ఫోర్క్‌కూ మధ్యనుండే పుష్ రాడ్‌కు అంగుళం వెల్డింగ్ చేసి పంపించెయ్” అన్నారు ఇద్దరు ముగ్గురు. చెయ్యను. రాడ్ పొడుగు చేస్తే పిస్టన్ వెనక్కి జరిగి కూర్చుంటుందే తప్ప దాని నడక పెరగదు. మరీ పొడుగైతే పిస్టన్ అడుగుకు తగిలి, క్లచ్ ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉండి ప్లేటు మాడిపోతుంది. అట్టాంటి పని చేసి పేరు నిలబెట్టుకునే కంటే ఆ వీడియోనే నయం.

పాత స్లేవ్‌కు లేత్ మీద లోపల గొట్టంలా ఇత్తడి బుష్ దింపించి, అదే 22కు తీయించి, కొత్త వాషర్లు వేశా. పన్నెండు రోజులు పట్టింది. డబ్బు తీసుకోలేదు.

ఈ ఏడాది మా దగ్గర క్లచ్ స్లేవ్ గానీ మాస్టర్ గానీ మార్పించుకున్న వాళ్లు బండి తీసుకురండి, అరగంటలో నడక కొలిచి పంపిస్తా, ఉచితంగానే. రెండేళ్లుగా బ్రేక్ ఆయిల్ మార్చని వాళ్లు, ముఖ్యంగా చెరువుల దగ్గరుండే అన్నలు, అదీ మార్పించుకోండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, సిలిండర్ లోపల తుప్పు మొదలయ్యేది దాంతోనే. ఇక నుంచి కొలవకుండా ఏ పీసూ బిగించం, కాబట్టి రెండు రోజులు ఆలస్యమైతే ఏమనుకోవద్దు. కొలిచేది మా పిల్లోడు.

హెరాల్డ్ శనివారం దాకా షెడ్డులోనే ఉంటుంది. వీడియో కింద రాసిన అన్న కూడా రావచ్చు, రివర్స్ ఆయన చేత్తోనే వేసి చూసుకోవచ్చు.