ఏడుపు ఆగాకే ఊపిరి లెక్క

అనంతపురం

చిరంజీవి పాపకు,

అమ్మ ఆశీస్సులు. కర్నూలు పెద్దాసుపత్రిలో నర్సుగా పిల్లల వార్డుకు వేశారని ఫోన్‌లో చెప్పి, "పెద్దోళ్ల వార్డు కంటే కష్టమా?" అని అడిగితివి. అది ఫోన్‌లో తెగే మాట కాదు, అందుకే రాస్తున్నా.

పని అదే, కొలతలు చిన్నవి. దాంతోపాటు భయం తగ్గించే పని ఒకటి ఉంటుంది. దాన్ని తీరిక దొరికితే చేసేదిగా చాలామంది చూస్తారు. ఏడ్చే పిల్లకు ఊపిరి లెక్కపెడితే తప్పొస్తుంది, నాడి తప్పొస్తుంది, వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషను కూడా కుదురుగా చూపించదు. మందు పోస్తే కక్కుకుంటుంది, సూది పెడితే నరం దొరకదు. ఊరడించడం ముందు, తతిమ్మా నర్సింగు తర్వాత.

పిల్ల వార్డులోకి రాగానే మంచం మీదికి ఎక్కించొద్దు. తల్లి ఒళ్లోనే ఉండనీ. నాలుగడుగుల దూరంలో నిలబడి, రవిక గానీ చొక్కా గానీ తల్లితోనే పైకి ఎత్తించి, పొట్ట కదలిక చూస్తూ ఊపిరి లెక్కపెట్టు. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం పసిపిల్లల దగ్గర పనికిరాదు, వాళ్ల ఊపిరి ఒక దారిన నడవదు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఆ అంకె తగిలినా దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టే. డొక్క లోపలికి పోతోందేమో అప్పుడే చూసుకో. తర్వాత నాడి, ఆ తర్వాత జ్వరం. నొప్పి పుట్టించే పని ఏదైనా చిట్టచివర. ఈ వరస తప్పితే ఆ పూటకు ఆ పిల్ల మళ్లీ నీకు దొరకదు.

బరువు ఎవరో చెప్పింది రాసుకోవద్దు. బట్టలు తీసి నువ్వే తూచి, కేస్ షీటు మొదటి పేజీలో పెద్దగా రాయి. డోసులన్నీ దాని మీదే నడుస్తాయి. పారాసెటమాల్ సిరప్పులో ఐదు మి.లీ.కు 120 మి.గ్రా. ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. చుక్కల మందులోనైతే ఒక్క మి.లీ.లోనే 100. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. రాశారనుకో. మొదటి సీసాలో ఆరుంబావు మి.లీ., రెండోదాంట్లో మూడు, చుక్కల మందులో ఒకటిన్నర. "ఒక మూత పొయ్యమ్మా" అని తల్లికి చెప్పి పోయేవాళ్లను చూస్తావు, నువ్వు అట్లా చెప్పొద్దు. సూది తీసేసిన సిరంజిలో గీత వరకు లాగి చూపించు. బుగ్గలోపలికి, నాలుక పక్కగా కొంచెం కొంచెం వదలాలి. ముక్కు మూసి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాల సీసాలో కలిపితే బిడ్డ సగం తాగి వదిలేస్తుంది, ఎంత మందు లోపలికి పోయిందో ఎవరికీ తెలీదు, పైగా పాలంటేనే విసుగు పుడుతుంది.

కాన్యులా, అదే డ్రిప్పు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నగొట్టం సంగతి కాస్త వివరంగా రాస్తా. వార్డులో సగం భయం దానిదే.

పిల్ల చూడకముందే ట్రే సర్దుకో. పసుపుపచ్చ 24 నంబరు, నెలల బిడ్డయితే ఊదారంగు 26 కూడా. రెండు మి.లీ. సెలైన్ నింపిన సిరంజి, స్పిరిట్ దూది, ముందే కత్తిరించి ట్రే అంచుకు అంటించిన ప్లాస్టరు ముక్కలు, దూది వేసి గుడ్డ చుట్టిన అట్టముక్క. సూది పెట్టాక ప్లాస్టరు కోసం వెతుక్కుంటే ఆ అర నిమిషంలో చెయ్యి లాగేసుకుంటుంది, నరం పగులుతుంది. ఏ చెయ్యో తల్లిని అడుగు. బొటనవేలు చప్పరించే చేతికి పెట్టొద్దు, పెడితే ఊరడింపు పెరికేసినట్టే. చెయ్యి చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డ నాలుగైదు నిమిషాలు చుట్టు, నరం పైకి తేలుతుంది.

మణికట్టుకు నల్లతాడో, దర్గాలో కట్టించిన తాయెత్తో ఉంటుంది. చెయ్యి వాచినప్పుడు అది బిగిసి వేళ్లకు రక్తం ఆడనివ్వదు, కాబట్టి తీసే తీరాలి. కానీ కత్తెర తీయొద్దు. తల్లితోనే విప్పించి రెండో చేతికి వదులుగా కట్టించు. తాయెత్తు తెంపిన సిస్టరు మాట ఆ తల్లి ఇక వినదు.

వీలైతే మంచం మీద కాకుండా డ్రెస్సింగు గదిలోనో పక్క బల్ల దగ్గరో పెట్టు. మంచం నిద్రపోయే చోటు, అక్కడ సూది గుచ్చితే రాత్రంతా ఉలిక్కిపడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టొద్దు. తల్లి కుర్చీలో కూర్చుని, బిడ్డను తన ఎదకు ఎద ఆనేట్టు ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక చెయ్యి తన చంక కిందుగా వెనక్కి చాపిస్తే, ఆ చెయ్యి నీకు దొరుకుతుంది, మొహం తల్లికి దొరుకుతుంది. చంటిబిడ్డయితే పాలు తాగుతుండగానే పెట్టొచ్చు. మాట్లాడేది ఒక్కరే. ఆయమ్మ, హౌస్ సర్జన్, జేజి అందరూ ఒకేసారి "అయిపాయె అయిపాయె" అంటుంటే బిడ్డకు ఏ గొంతూ వినిపించదు. రెండుసార్లు ప్రయత్నించి నరం దొరక్కపోతే ట్రే ఇంకొకరికి ఇచ్చెయ్. మూడోసారికి బిడ్డ కంటే ముందు నీ చెయ్యి వణుకుతుంది.

అట్టకు కట్టేటప్పుడు వేళ్ల కొసలు బయటికి కనిపించాలి. గంటకోసారి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడు. వాపు, చల్లదనం, పాలిపోవడం, ఎరుపు, వీటిలో ఏది కనిపించినా డ్రిప్పు ఆపు. మాట రాని బిడ్డ "మండుతోంది" అని చెప్పలేదు, ఎడతెగకుండా ఏడుస్తుంది అంతే.

డ్రిప్పు లెక్క నువ్వు చదువుకున్నదే. మొదటి పది కిలోలకు కిలోకు 100 మి.లీ., తర్వాతి పదికి 50, ఆపైన 20. పన్నెండు కిలోల పిల్లకు రోజుకు 1100, గంటకు 46. మైక్రో సెట్టులో 60 చుక్కలు ఒక మి.లీ. కాబట్టి గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు. డాక్టరు రాసిన అంకె దీనికి బాగా ఎక్కువగానో తక్కువగానో ఉంటే కారణం అడుగు, అడగడం తప్పు కాదు. సీసా కింద ఉండే గీతల గొట్టంలో, అదే బ్యూరెట్‌లో, రెండు గంటలకు సరిపడేంతే నింపు. ఎవరో జాలిపడి చక్రం పూర్తిగా తిప్పేసినా ఆ రెండు గంటల నీళ్లే పోతాయి, సీసా మొత్తం పోదు. పొటాషియం క్లోరైడు ఆంపూలు డిస్టిల్డ్ వాటర్ ఆంపూల పక్కన ఉంటే ఆ రోజే వేరే అరలోకి మార్పించు. దాన్ని నేరుగా నరంలోకి నెట్టడమంటే గుండె ఆపడమే.

ఇక మాటల సంగతి. "ఏడిస్తే సిస్టరు సూదేస్తుంది చూడు" అనే మాట నీకు రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. అన్న తల్లి మీద విసుక్కోవద్దు, నవ్వుతూనే చెప్పు: "అట్లంటే నన్ను చూస్తేనే ఏడుస్తాడమ్మా, ఇంక నేనెట్ల చూసేది?" నువ్వేమో "నొప్పి ఉండదు" అనొద్దు. ఒక్కసారి అబద్ధం దొరికితే డిశ్చార్జి దాకా నీ మాట చెల్లదు. "చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, అరవొచ్చు, చెయ్యి మాత్రం కదపొద్దు" అని చెప్పు. అరవడానికి అనుమతి ఇస్తే సగంమంది అరవరు. ఎప్పుడు చెప్పాలనేది వయసును బట్టి. రెండు మూడేళ్ల వాళ్లకు ఆ క్షణం ముందు, నాలుగైదేళ్ల వాళ్లకు కొన్ని నిమిషాల ముందు, బడికి పోయేవాళ్లకు ముందురోజే చెప్పొచ్చు. నాలుగైదేళ్లవాడు జబ్బును శిక్ష అనుకుంటాడు, చెల్లెలిని కొట్టినందుకే ఇక్కడ పడేశారని. అడక్కపోయినా "నువ్వు చేసిన తప్పేం లేదు" అని చెప్పాల్సింది వాడికే. పన్నెండు దాటిన ఆడపిల్లకు తెర కావాలి, తెర లేకపోతే దుప్పటి పట్టుకునే మనిషి కావాలి.

ఆదోని, ఆలూరు వైపు నుంచి ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలొస్తారు, కర్నూలు పాతబస్తీ నుంచి ఉర్దూ పిల్లలొస్తారు. "నోవు" అన్నా "దరద్" అన్నా నొప్పే, ఈ రెండు మాటలన్నా నేర్చుకో. మాట రాని వాళ్లకు నొప్పిని మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం, ఈ ఐదింటిలో కొలుస్తాం. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు, మొత్తం పదికి. మందిచ్చే ముందొకసారి, ఇచ్చిన అరగంటకొకసారి రాస్తే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది మౌనంగా ఉండే పిల్ల దగ్గర. మొదటి రోజు గొంతు చించుకున్న పిల్ల మూడో రోజు గోడవైపు తిరిగి పడుకుంటుంది. సూది వేసినా చెయ్యి ఇస్తుంది. "అలవాటు పడింది, మంచి పిల్ల" అని హ్యాండోవర్‌లో చెప్పేస్తారు. లండన్ ఆసుపత్రుల్లో 1948 నుంచి జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్త చూసి రాసింది దీని గురించే. తల్లికి దూరమైన పిల్లలు ముందు తిరగబడతారు, తర్వాత కుంగిపోతారు, చివరికి తల్లి వచ్చినా పట్టనట్టు ఉంటారు. ఆ మూడో దశ చూసే కుదుటపడ్డారని పొరబడతారు. అక్కడ 1959లో ఆసుపత్రి పిల్లల బాగోగుల మీద వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల తల్లుల్ని ఆసుపత్రిలోనే ఉండనివ్వాలని సిఫారసు చేసింది. మన వార్డుల్లో తల్లి మంచం కిందే పడుకుంటుంది కాబట్టి మనకా బాధ లేదనుకుంటాం. కానీ ఐసీయూ తలుపు వేస్తే తల్లి బయటే. పడమటి మండలాల వాళ్లు సుగ్గికి, అదే కూలికి వలసగా, గుంటూరు మిరపచేలకు పోయుంటే బిడ్డ దగ్గర జేజి ఒక్కతే. అప్పుడు తల్లి వాడిన చీరముక్క ఒకటి, ఉతకనిది, బిడ్డ తలకింద పెట్టించు. గాయానికీ గొట్టాలకూ తగలకుండా చూసుకుంటే చాలు. అన్నం వేళకు తల్లికి ఫోన్ కలిపించు. పోయేటప్పుడు బిడ్డ నిద్రలో ఉండగా జారుకోవద్దని, చెప్పే పొమ్మని తల్లికి నచ్చజెప్పు. చెప్తే ఏడుస్తుంది నిజమే. చెప్పకపోతే ఇక నిద్రపోవడానికే భయపడుతుంది. మౌనాన్ని కూడా ఛార్టులో రాయి: "పాలు సగం, ఆట లేదు, కళ్లు కలపడం లేదు."

తీవ్ర పోషకాహార లోపంతో వచ్చే బిడ్డల చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది మెట్లలో తొమ్మిదోది ఆట, ఆప్యాయతే. రోజుకు 15 నుంచి 30 నిమిషాలు ఆడించమని అందులోనే ఉంది. దాంతోపాటు రాత్రి ఫీడు తప్పొద్దు. వాపు లేని ఆరు కిలోల బిడ్డకు చికిత్స మొదట్లో పట్టే ఎఫ్-75 అనే పాలు కిలోకు 130 లెక్కన రోజుకు 780 మి.లీ., రెండు గంటలకోసారి 65. తెల్లవారుజామున రెండింటికి "నిద్రపోతోంది కదా" అని వదిలేస్తే చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఆ నిద్ర నిద్రో కాదో తెలుసుకునేసరికి ఆలస్యమవుతుంది.

తేలు కుట్టిన పిల్లలు మన సీమలో మామూలే. చెమట, వాంతి, చల్లటి చేతులు కాళ్లు కనిపిస్తే గుండె మీద దెబ్బ పడుతున్నట్టు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ వాడుకలోకి తెచ్చిన, రక్తనాళాలను వదులుచేసే ప్రజోసిన్ మాత్రను కిలోకు 30 మైక్రోగ్రాముల చొప్పున రాస్తారు. పదిహేను కిలోలకు 450, అంటే ఒక మి.గ్రా. మాత్రలో సగానికి కొంచెం తక్కువ. నెమ్మదిగా కరిగే ఎక్స్ఎల్ మాత్రను నలగ్గొట్టి ఇవ్వకూడదు. మాత్ర పడ్డాక పిల్లను నిలబెట్టనివ్వొద్దు, భుజాన వేసుకోనివ్వొద్దు. బీపీ పడిపోతుంది. బాత్రూముకు ఎత్తుకుపోతానని నాన్న వస్తాడు, మంచం దగ్గరికే పాన్ తెప్పించు. ఎత్తుకోవద్దంటే కోపగించుకుంటారు, "పక్కనే పడుకుని చెయ్యి పట్టుకో నాయనా" అని ఏదో ఒక పని అప్పజెప్పు.

ఫిట్స్ వస్తే జేజి తాళాలగుత్తి చేతిలో పెడుతుంది. ఉండనీ, నష్టం లేదు. నోట్లో పెట్టబోయే చెంచా మాత్రం లాగెయ్. పక్కకు తిప్పి, గడియారం చూసి, డాక్టరును పిలువు. ఐదు నిమిషాలు దాటనివ్వొద్దు.

ఈ ఆదివారం బస్సులో మీ మామతో కాగితం గాలిపంకాలు పాతిక పంపుతున్నా. సూది గుచ్చేటప్పుడు బిడ్డ ముందు పెట్టి ఊదమను, ఊదుతూ ఊపిరి బిగబట్టలేదు కాబట్టి చెయ్యి బిగుసుకోదు. వాటికి గుండుసూదులు పెట్టలేదు, దారంతో స్ట్రాకు కట్టినా. ముడి వదులైతే మళ్లీ కట్టు. ఒకరు ఊదింది ఇంకొకరికి ఇవ్వొద్దు, దగ్గు అంటుకుంటుంది. ఎవరిది వాళ్లతో ఇంటికే పంపించెయ్. అయిపోతే చెప్పు, ఇంకా చేస్తా.

మీ అమ్మ