మీ నాన్నగారికి మంచంమీదే స్నానం

ఒరేయ్,

నిన్న ఫోన్‌లో "నాన్నకు ఒళ్ళు తుడవడానికి చెయ్యి రావట్లేదురా" అన్నావు చూడు, ఆ మాట నన్ను రాత్రంతా వదల్లేదు. మా నాన్న మంచాన పడ్డప్పుడు నేనూ నీళ్ళ టబ్బు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. మనకు తలంటి పోసిన మనిషి కదా.

మొదటిరోజు తొందరగా అయిపోవాలని బట్టలన్నీ ఒక్కసారే తీసేశాను. నాన్న ఏమీ అనలేదు, మొహం గోడవైపు తిప్పుకున్నారు. చలేమో అనుకున్నాను. సిగ్గురా అది. మర్నాటి నుంచి మెడదాకా దుప్పటి కప్పి, ఏ చెయ్యి తుడుస్తుంటే ఆ చెయ్యే బయటికి తీసేవాణ్ణి. దాన్ని ఆరబెట్టి, కప్పేశాకే రెండోది. నువ్వూ అలాగే చెయ్యి. "నాన్నా, ఇప్పుడు వీపు" అని ముందు చెప్పు. కుడిచెయ్యి ఆడుతోందన్నావుగా, తడిగుడ్డ ఆ చేతికిచ్చి మొహం ఆయన్నే తుడుచుకోనివ్వు. ఎంతసేపైనా పట్టనీ.

ఫ్యాన్ ఆపు, తలుపు వెయ్యి. సబ్బునీళ్ళు ఒక టబ్బులో, మంచినీళ్ళు ఇంకోదాంట్లో. వేడి మోచేత్తో చూసుకో. పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ తగ్గితే చర్మం కాలినా ఆయనకు తెలియదు. కళ్ళకు సబ్బు వద్దు, ముక్కువైపు నుంచి చెవివైపుకు తుడువు. మర్మాంగాలు చివర్లో, వేరే గుడ్డతో. చంకలు, గజ్జలు, కాలివేళ్ళ సందుల్లో తడి ఉండకూడదు. కానీ రుద్దకు, అద్దు. ఆ వయసు చర్మం ఊరికే చిట్లుతుంది.

వీపు తుడవాలంటే అవతలి మోకాలు మడిచి, భుజం వెనకా తుంటి వెనకా అరచేతులు వేసి నీవైపుకే దొర్లించుకో. పడిపోతాడన్న భయం ఉండదు. చచ్చుబడ్డ చేతిని మాత్రం పట్టి లాగకు, భుజం కీలు జారుతుంది. చొక్కా తీసేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, తొడిగేటప్పుడు చచ్చుబడ్డది ముందు.

అలా తిప్పినప్పుడు నడుం కింది ఎముక, తుంటి, మడమలు తప్పకుండా చూడు. ఎర్రమచ్చ ఉంటే వేలితో నొక్కి వదులు. నొక్కినా ఎరుపు తగ్గకపోతే పుండు మొదలైనట్టే. ఒళ్ళు నలుపైతే ఎరుపు సరిగ్గా కనపడదు, చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా తగులుతుందేమో తడిమి చూడు. అక్కడ మర్దనా చెయ్యొద్దు, బరువు పడనివ్వొద్దు, నర్సుకు చెప్పు. రెండేసి గంటలకోసారి పక్క మార్చమనేది ఇందుకే. మా నాన్న మడమ మీది మచ్చను దుప్పటి ముడత అచ్చనుకుని రెండు రోజులు వదిలేశాను. మానడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ బాధేరా.

ఆదివారం పొద్దున్నే వస్తాను, వీపు ఇద్దరం కలిసి చేద్దాం. నేను గదిలో ఉండటం ఇష్టమేనా అని నాన్నగారిని ముందే అడుగు. వద్దంటే బయటే కూర్చుంటాను, పిలిస్తే వస్తాను.

నీ
నేస్తం